మా పావురం దాని ఇంటికి అది పోయింది

పోయిన దసరా సెలవుల్లో మా చిన్నోడు పావురాలు కావాలని ఒకటే పట్టు పట్టాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు, ఫోన్ పట్టుకుని కూర్చునే బదులు పిట్టలతో ఆడుకుంటే మంచిదే కదా అని నేనూ సరేనన్నాను. మా ఆయన పని మీద హైదరాబాద్ పోయి, పాతబస్తీలో పావురాలు పెంచే ఒక పెద్దాయన దగ్గర ఒక హోమర్ జంటను కొనుక్కొచ్చాడు. ఒకటి బూడిద రంగు పోతు, ఇంకొకటి తెల్ల మచ్చల పెట్ట. వనపర్తిలో మా మేడ మీద చెక్కపెట్టెతో గూడు చేశాం. జొన్నలు, సజ్జలు, పెసలు, ఒక మట్టి మూకుడులో నీళ్ళు, అన్నీ అమర్చాం.

అమ్మినాయన రెండింటి రెక్కలకూ దారం చుట్టి ఇచ్చాడు, ఎగరకుండా. మూడు వారాలయ్యాక మావాడికి జాలేసింది. "అమ్మా, ఇప్పుడు మనకు అలవాటయ్యాయిగా, పాపం దారం ఎందుకు?" అని పోతుకు విప్పేశాడు. అది పిట్టగోడ మీద కాసేపు కూర్చుంది. రెక్కలు దులుపుకుంది. లేచి మా ఇంటి మీద రెండు చుట్లు తిరిగి ఉత్తరం వైపు వెళ్ళిపోయింది. అప్పుడు పొద్దున ఎనిమిదైంది. సాయంత్రం ఐదింటికి హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది, "మీ కబూతర్ మా మేడ మీద ఉంది" అని.

మావాడు ఏడుపు మొహంతో, "మనం బాగా చూసుకోలేదా?" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. మా అత్తమ్మ మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "బాగనే చూసుకున్నవు బిడ్డా. దాని ఇంటికి అది పోయింది. గింజలు ఏడనైనా దొరుకుతయి, ఊరు దొరకదు కద" అంది.

ఆమె ఆ మాట ఎందుకన్నదో నాకు తెలుసు. మా అత్తమ్మ పుట్టింది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు ఊళ్ళో. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు పైకొచ్చినప్పుడు, 1981లో, ఆ ఊరు మునిగింది. పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో అప్పుడు వంద దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గుళ్ళను మాత్రం వదల్లేదు. సోమశిల గుళ్ళు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి రాయి రాయిగా విప్పి, నంబర్లు వేసి, పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురం తెచ్చారు. దేవుడికి రాళ్ళ మీద నంబర్లు వేసి తెచ్చిన ఊరు, మనుషులకు మాత్రం ఏ ఊరికి ఆ ఊరుగా చెదిరిపోయింది. ఇప్పటికీ ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే అత్తమ్మ ఒకసారి సోమశిల వైపు పోయివస్తుంది. అక్కడ చూడ్డానికి ఏముంటుందత్తమ్మా అంటే, "ఏముంటది, మన్ను" అంటుంది. అయినా పోతుంది.

అలా మా ఇంట్లో పావురం కథ మొదలైంది. వాడి ప్రశ్నకు జవాబు వెతుకుదామని నేను చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఇది పిట్టల కథ అనిపించడం మానేసింది, ఇళ్ళ కథ అనిపించింది. అందుకే మీకూ చెప్తున్నాను.

ముందు ఒక మాట. మా పాలమూరు వైపు "పావురం" అంటే పిట్ట మాత్రమే కాదు, ప్రేమ కూడా. "మనవరాలంటే తాతకు మస్తు పావురం" అంటాం. కొందరు "పాయిరం" అంటారు. కోస్తా నుంచి వచ్చిన మా పక్కింటావిడకు మొదట్లో ఈ మాట అర్థమయ్యేది కాదు, తాత ఇంట్లో పావురం ఉందేమో అనుకునేది.

పావురం మొదట ఊరి పిట్ట కాదు. దాని అసలు ఇల్లు కొండ చరియ. నిలువుగా ఉన్న రాతి గోడల్లోని పగుళ్ళలో, అరల్లో గూడు పెట్టుకునే రాతి పావురం ఇది. మనకు ఎదురుగా కృష్ణ అవతల నల్లమలలో ఒక కొండకు పావురాలగుట్ట అనే పేరుంది. 2009 సెప్టెంబర్ తర్వాత ఆ పేరు తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. మనిషి రాతితో కోటలు, గుళ్ళు కట్టడం మొదలుపెట్టాక పావురానికి అవి కూడా కొండల్లాగే కనిపించాయి. మా పుట్టిల్లు గద్వాల. సోమనాద్రి కట్టించిన కోటలోనే చెన్నకేశవస్వామి గుడి ఉంది, ఆ కోటలోనే కాలేజీ నడుస్తుంది. చిన్నప్పుడు మా నాయన వెంట గుడికి పోతే గోడ సందుల్లోంచి పావురాల గుర్రుగుర్రు వినిపించేది. రాజులు పోయారు, సంస్థానం పోయింది. పావురాలు మాత్రం ఆ గోడల్లోనే పిల్లల్ని చేస్తూ ఉన్నాయి. వాటికి అది కోట అని తెలియదు, తల్లి గూడు అని మాత్రమే తెలుసు.

మనిషి వాటిని పెంచడం వేల ఏళ్ళ కిందటే మొదలైంది. మొదట మాంసానికి, తర్వాత కబురుకు, ఆ తర్వాత సరదాకు. మన కథల్లోనూ పావురం ఎక్కడ వచ్చినా దాని వెంట సంసారం ఉంటుంది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. అందులో చిత్రగ్రీవుడనే పావురాల రాజు వలలో పడి, తనవాళ్ళందరితో కలిసి వలతో సహా ఎగిరిపోవడం మనలో చాలామంది బడిలో చదివినదే. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు ఇరవై నాలుగు మంది గురువులని చెబుతాడు, అందులో పావురం ఒకటి. పిల్లలు వలలో చిక్కితే తల్లి తానే పోయి వలలో పడుతుంది, వెనకే తండ్రీ పడతాడు. అతి మమకారం వద్దని చెప్పడానికి ఆ కథ. నేను తల్లినయ్యాక ఆ కథ గుర్తొస్తే, ఆ పావురం తప్పేం చేసిందో నాకు అర్థం కాదు.

మొగలుల కాలానికి పావురాలంటే పెద్ద వ్యసనం. అక్బర్ దగ్గర ఇరవై వేలకు పైగా పావురాలుండేవని, వాటిలో ఐదు వందలు ప్రత్యేకమైనవని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో రాశాడు. పావురాలాటకు అక్బర్ పెట్టుకున్న పేరు ఇష్క్‌బాజీ, అంటే ప్రేమ ఆట. ఆయన ఢిల్లీ ఆగ్రాల్లో పిట్టను, ప్రేమను ఒక్క మాటలో కలిపితే, మన పాలమూరు రైతు ఇంట్లో ఎవరూ చెప్పకుండానే అదే కలిసింది. ఆయన కొడుకు జహంగీర్ మాండూ నుంచి బుర్హాన్‌పూర్‌కు పావురాలతో కబురు పంపించిన సంగతి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. బుర్హాన్‌పూర్ అంటే దక్కన్‌కు గుమ్మం లాంటి ఊరు.

హైదరాబాద్‌లో ఈ అలవాటు ఇప్పటికీ ఉంది. పాతబస్తీ మేడల మీద కర్రలతో చేసిన ఎత్తైన అడ్డాలు, వాటి మీద వరసగా కూర్చున్న పావురాలు మీరూ చూసే ఉంటారు. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో కోళ్ళతో పాటు పావురాలూ అమ్ముతారు. గిరబాజ్ అంటే ఎత్తుకు ఎగిరేది, లక్కా అంటే నెమలిలా తోక విప్పేది, లోటన్ అంటే నేల మీద పల్టీలు కొట్టేది. లోటన్ అనే ఆ రకం పావురాన్ని చేతిలో పట్టుకుని ఊపి కింద వదిలితే దొర్లుతుంది, ఆగలేదు. దాన్ని చూసి చప్పట్లు కొడతారు. అది ఆట కాదు, ఆ పిట్ట పుట్టుకలో ఉన్న లోపం అని తెలిశాక నాకు మనసొప్పలేదు.

ఇక కబురు పావురాల సంగతి. సినిమాల్లో చూసి మనం ఒకటి తప్పుగా అనుకుంటాం. రాకుమారి పావురం కాలికి చీటీ కట్టి "ప్రియుడి దగ్గరకు పో" అంటే అది పోదు. పావురానికి ఒకే చిరునామా తెలుసు, అది తన ఇల్లు. ప్రియుడి ఇంటి పావురాన్ని రాకుమారి ముందే తెచ్చి పెట్టుకుని ఉంటేనే చీటీ అక్కడికి చేరుతుంది. ప్రపంచంలో పావురాల తపాలా అంతా ఈ ఒక్క గుణం మీదే నడిచింది. 1850లో జర్మనీ ఊరు ఆఖెన్‌కూ బ్రసెల్స్‌కూ మధ్య తంతి లేని చోట రాయిటర్ అనే ఆయన పావురాలతో మార్కెట్ ధరలు తెప్పించాడు. ఇప్పటి రాయిటర్స్ వార్తాసంస్థ ఆయనదే. 1870లో పారిస్‌ను శత్రువులు చుట్టుముడితే, ఊళ్ళోని పావురాలను బెలూన్లలో బయటకు పంపి, వాటి తోకలకు సూక్ష్మంగా తీసిన ఉత్తరాల ఫిల్మ్ కట్టి వెనక్కి వదిలారు.

ఇదంతా ఎక్కడో దూరదేశం కాదు. మన పక్కనే ఒడిశా పోలీసులకు పావురాల దళం ఉండేది. 1946లో సైన్యం ఇచ్చిన 200 పావురాలతో మొదలైంది. మొదట పెట్టింది కోరాపుట్‌లో, మన విశాఖ, విజయనగరం కొండలకు ఆనుకుని ఉన్న జిల్లా. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ గారు సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పంపిన కబురును పావురమే మోసింది. 1982 వరదల్లో బాంకీ ఊరు తెగిపోయినప్పుడు, 1999 పెద్ద తుపానుకు వైర్‌లెస్ మూగబోయినప్పుడు కూడా ఇవే పనికొచ్చాయి.

యుద్ధకాలపు కథల్లో నాకు బాగా నచ్చింది వింకీ అనే పెట్ట పావురం కథ. 1942 ఫిబ్రవరిలో బ్రిటన్ విమానం ఒకటి గడ్డకట్టే సముద్రంలో పడింది. అందులోని వింకీ ఒళ్ళంతా నూనె అంటుకుని, 120 మైళ్ళు, అంటే 190 కిలోమీటర్లకు పైగా ఎగిరి స్కాట్లాండ్‌లో తన గూటికి చేరింది. దాని కాలికి చీటీ లేదు. అది చేరిన వేళను, దాని అలసటను లెక్కగట్టి విమానం ఎక్కడ పడిందో కనిపెట్టి మనుషులను కాపాడారు. 1943లో ఇలాంటి జంతువుల కోసం డికిన్ పతకం మొదలైంది. పెట్టింది మరియా డికిన్ అనే ఆవిడ. బీదవాళ్ళ జంతువులకు వైద్యం చేసే సంస్థను 1917లో స్థాపించింది ఆవిడే. మొదటి పతకాలు అందుకున్నవి మూడూ పావురాలే, అందులో వింకీ ఉంది.

సరే, దారి ఎలా తెలుస్తుంది? మా పావురం బుట్టలో, కారు వెనక సీట్లో, గుడ్డ కప్పుకుని వచ్చింది. దారిలో జడ్చర్లా చూడలేదు, కొత్తకోటా చూడలేదు. అయినా వెళ్ళిపోయింది. శాస్త్రవేత్తలు చెప్పేదేమిటంటే దానికి ఒక్క దిక్సూచి కాదు, నాలుగైదు ఉన్నాయి. సూర్యుడు ఎక్కడున్నాడు, ఇప్పుడు వేళ ఎంత అనే రెండూ కలిపి దిక్కు తెలుసుకుంటుంది. మబ్బు పట్టిన రోజు భూమి అయస్కాంత శక్తి సాయం తీసుకుంటుంది. 1971లో కీటన్ అనే ఆయన అమెరికాలో పావురాలకు చిన్న అయస్కాంతాలు కట్టి వదిలితే, ఎండ ఉన్నప్పుడు బాగానే వెళ్ళాయి, మబ్బు రోజుల్లో తికమక పడ్డాయి. ఇటలీలో పాపీ అనే ఆయన, గూటి దగ్గర గాలి మోసుకొచ్చే వాసనలే దానికి పటంలా పనిచేస్తాయని చూపించాడు. మనం పుట్టింటి వీధి మలుపు తిరగ్గానే వచ్చే వాసన లాంటిదన్నమాట. 2004లో రోమ్ చుట్టుపక్కల పావురాలకు జీపీఎస్ కట్టి చూస్తే, తెలిసిన దారిలో అవి హైవే వెంబడే ఎగిరి, మలుపు దగ్గర మళ్ళుతున్నాయని తేలింది. అది చదివి మావాడు, "అయితే మనది శంషాబాద్ దాకా నలభై నాలుగో నంబర్ రోడ్డు మీదే పోయుంటది" అని కొంచెం నవ్వాడు.

రోడ్డు మీద మా ఊరు నుంచి హైదరాబాద్ 150 కిలోమీటర్లు. గాలిలో 120 దాకా. మంచి హోమర్ గంటకు 60 నుంచి 80 కిలోమీటర్లు పోతుంది. మాది పగలంతా తీసుకుంది. మధ్యలో ఎక్కడ దిగిందో, ఏ చెరువులో నీళ్ళు తాగిందో.

అంత ఆత్రం దేనికి? ఆ ఇంట్లో ఏముంది? పావురాల సంసారం గురించి చదివితే ఆడవాళ్ళం మనం కొంచెం కుళ్ళుకుంటాం. జంట కట్టాక సాధారణంగా విడిపోవు. పెట్ట రెండు గుడ్లు పెడుతుంది. పదిహేడు, పద్దెనిమిది రోజులు పొదగడం. సాయంత్రం నుంచి పొద్దున దాకా తల్లి కూర్చుంటుంది, పొద్దెక్కాక తండ్రి వచ్చి కూర్చుని సాయంత్రం దాకా డ్యూటీ చేస్తాడు. మా ఆయనకు ఈ పేరా చదివి వినిపించాను, పేపర్ మడిచి బయటకు పోయాడు. పిల్లలు పుట్టాక తల్లీ తండ్రీ ఇద్దరూ పాలిస్తారు. నిజంగానే పాలు. మెడ కింద గింజల తిత్తి లోపలి పొర నుంచి పెరుగులాంటి పదార్థం వస్తుంది, దాన్నే పిల్లల నోట్లో పెడతాయి. 1930ల మొదట్లో ఆస్కార్ రిడిల్ అనే శాస్త్రవేత్త బృందం పావురాల్లో ఈ పాలు తెప్పించే హార్మోన్‌ను పట్టుకుని ప్రొలాక్టిన్ అని పేరు పెట్టింది. మన బాలింతల్లో పాలు పడేట్టు చేసేదీ అదే ప్రొలాక్టిన్. డాక్టరమ్మ చీటీలో ఆ పేరు చూసినప్పుడు దాని వెనక ఒక పావురం ఉందని నాకు తెలియదు.

ఇప్పుడు అసలు బాధ పెట్టే విషయానికి వస్తాను. పావురాల రేసులు. చెన్నైలో హోమర్ రేసులు దశాబ్దాలుగా జరుగుతున్నాయి. పిట్టలను బుట్టల్లో లారీకెత్తి, వందల కిలోమీటర్ల దూరంలో ఒకేసారి వదులుతారు. ఎవరిది ముందు ఇల్లు చేరితే వాళ్ళు గెలిచినట్టు. పెంచేవాళ్ళలో చాలామంది వాటిని పిల్లల్లా చూసుకుంటారు, అది నేను కాదనను. పిట్ట రాకపోతే అన్నం తినని మనుషులున్నారు. కానీ వేగం పెంచడానికి వాడే ఒక పద్ధతి పేరు విని ఆగిపోయాను. ఇంగ్లీషులో దాని పేరుకు అర్థం వైధవ్యం. వారమంతా మగదాన్ని పెట్టకు దూరంగా పెడతారు. రేసుకు పంపే ముందు కాసేపు చూపించి, మళ్ళీ విడదీసి బుట్టలో వేస్తారు. అది ఆ పెట్ట కోసం గుండెలు పగిలేలా ఎగురుతుంది. ఇంకో పద్ధతిలో, గూట్లో పసిపిల్లలున్నప్పుడే తల్లిని రేసుకు తీసుకుపోతారు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

వాటిలో అన్నీ తిరిగి రావు. డేగ పడుతుంది, కరెంటు తీగలు తగులుతాయి, ఎండకు నీళ్ళు దొరక్క పడిపోతాయి. 1997 జూన్ 29న బ్రిటన్‌లో రేసు సంఘానికి నూరేళ్ళు నిండాయని ఫ్రాన్స్‌లోని నాంట్ నుంచి 60,000 పావురాలను వదిలారు. వాటిలో ఎక్కువ భాగం ఇల్లు చేరలేదు. అదే వేళకు కాంకార్డ్ విమానం చేసిన పెద్ద శబ్దం దారి చెరిపేసి ఉంటుందని తర్వాత ఒక శాస్త్రవేత్త లెక్కగట్టాడు. పండగకు వదిలిన పిట్టలు.

దారి తప్పినవాటికి ఇంకో ఇబ్బంది. కాలికి రింగు, దాని మీద అక్షరాలు చూసి మనవాళ్ళు గూఢచారి అంటారు. 2023 మేలో ముంబైలో అలాగే ఒకదాన్ని పట్టుకున్నారు. రెక్క మీద చైనీస్ లాంటి రాత ఉంది. ఎనిమిది నెలలు జంతువుల ఆసుపత్రిలో ఉంచారు. చివరికి అది తైవాన్‌లో సముద్రం మీద రేసులో దారి తప్పిన పిట్ట అని తేలి, 2024 జనవరి చివర్లో వదిలేశారు.

మన జిల్లాకు సంబంధించిన సంగతి ఒకటుంది. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ 1935 నాటి కట్టడం. దాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఆ పనులప్పుడు రెట్టలతో రాయి పాడవుతోందని అక్కడి పావురాలను వలేసి పట్టి, వందల సంఖ్యలో శ్రీశైలం అడవుల వైపు వదిలారని పత్రికల్లో వచ్చింది. ఆ అడవి అంటే మా పక్క నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ నల్లమలే. అధికారుల ఉద్దేశం మంచిదే కావచ్చు, చంపలేదు, అడవిలో వదిలారు. "రాతి పావురం కదా, కొండల్లో బతుకుతుందిలే" అని నేనూ అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేను. ఎవరో ఒకరు పోసిన జొన్నలు తిని పెరిగిన పిట్ట నల్లమలలో దిగితే డేగ ఎట్లా ఉంటుందో దానికి తెలియదు. గూట్లో పిల్లలుంటే వాటి సంగతి ఎవరు చూశారు? పెద్ద పిట్టను పట్టి ఇంకోచోట వదలడమంటే దానికి కొత్త ఇల్లు ఇచ్చినట్టు కాదు, ఉన్న ఇల్లు తీసేసినట్టు. మా అత్తమ్మ ఊరికి కూడా అప్పట్లో పునరావాసం అనే మాటే వాడారు.

ఆదివారం మేమంతా పెట్టను బుట్టలో పెట్టుకుని హైదరాబాద్ పోయాం. పోతు వెళ్ళిపోయిన దగ్గర్నుంచి అది గూట్లో ఒక మూలకు తిరిగి నిలబడేది, గింజలు ముట్టీ ముట్టనట్టు ఉండేది. ఆ పెద్దాయన దారం విప్పి మేడ మీద వదిలాడు. పోతు గొంతు ఉబ్బించుకుని దాని చుట్టూ గిరగిరా తిరిగింది. మావాడు అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు, అప్పుడు మాత్రం "అమ్మా చూడు" అన్నాడు.

"పెద్దవాటిని కొంటే ఎప్పుడూ ఎగరేయకూడదమ్మా" అన్నాడాయన. కొన్న పెద్ద పావురాలను పెంచేవాళ్ళు జీవితమంతా లోపలే ఉంచుతారట. ఖైదీలు అంటారట వాటిని. వాటికి ఇక్కడ పుట్టిన పిల్లలకు మాత్రం ఇదే ఇల్లు, వాటిని ఎగరేయొచ్చు. ఈ ముక్క అమ్మేటప్పుడే చెప్పి ఉంటే బాగుండేది, కానీ మేమూ అడగలేదు. ఇంటికి వస్తూ బీచుపల్లి వంతెన గురించి ఆలోచించాను. పుట్టింటికి పోతే ఇప్పటికీ ఆ వంతెన మీద కృష్ణ దాటగానే నా ఒళ్ళు తేలికవుతుంది. పెళ్ళై ఇరవై ఏళ్ళు. వనపర్తిలో నాకు ఏ లోటూ లేదు. మా పాలమూరు నుంచి కూలికి బొంబాయి బస్సెక్కిన వాళ్ళూ అంతే, అక్కడ ఎన్నేళ్ళున్నా పీర్ల పండగకు ఊరు చేరతారు. మనుషులం సర్దుకుంటాం, రెండు ఇళ్ళు పెట్టుకోగలం. పావురానికి ఆ విద్య రాదు.

అందుకే మీ ఇళ్ళల్లో పిల్లలు అడిగితే నేను చెప్పేవి ఇవి. పెద్ద పావురాలను కొనొద్దు. తప్పనిసరైతే, గూడు దాటి ఇంకా ఎగరని నెల రోజుల పిల్లలనే, అదీ జంటగా తెచ్చుకోండి. రెక్కలు విప్పి తిరిగేంత గూడు కావాలి. పిట్టను కదల్లేనంత ఇరుకు పంజరంలో పెట్టడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పుట్టినరోజులకు, సభలకు తెల్ల పావురాలను కొని గాల్లోకి వదిలే సరదా మానేద్దాం. అవి శాంతికి కాదు, ఎటు పోవాలో తెలియక ఎగురుతాయి. కాలికి రింగున్న పిట్ట మీ మేడ మీద దిగితే భయపడకండి. నీళ్ళు పెట్టండి, జొన్నలో గోధుమలో వేయండి, రెండు రోజులు సేద తీరనివ్వండి. చాలావరకు తనంతట తనే పోతుంది. సంక్రాంతికి పిల్లలకు నూలు దారమే కొనివ్వండి, చైనా మాంజా వద్దు. 2017లోనే హరిత ట్రిబ్యునల్ దాన్ని నిషేధించింది, అయినా ఏటా పిట్టల రెక్కలు తెగుతూనే ఉన్నాయి.

ఏసీ డబ్బా మీద గూడు పెట్టి విసిగిస్తున్నాయనుకోండి, గుడ్లుంటే తీసి పారేయొద్దు. నెలన్నర ఓపిక పడితే పిల్లలు ఎగిరిపోతాయి, అప్పుడు శుభ్రం చేసి వల కట్టించుకోండి. ఎండిన రెట్టలను చీపురుతో ఊడ్చకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్ళు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని తీయండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే పావురాలను పెంచకపోవడమే మేలు.

ఆ పెద్దాయన మావాడి మొహం చూసి రెండు పిల్లలను ఇచ్చాడు, ఇంకా ఎగరనివి, చెవుల దగ్గర పసుపు నూగు కూడా రాలనివి. డబ్బు తీసుకోలేదు. నెల రోజులు గూటికి జాలీ కట్టి, అందులోంచి చుట్టూ ఉన్న ఇళ్ళు, చింతచెట్టు, పక్కింటి నీళ్ళ ట్యాంకు వాటికి కనపడేట్టు పెట్టాడు మావాడు. పోయిన నెల ఒక సాయంత్రం జాలీ తీశాడు. అవి లేచి పక్కింటి ట్యాంకు మీద కూర్చున్నాయి. మావాడు గింజల డబ్బా ఆడిస్తూ నిలబడ్డాడు, గొంతు పెగలడం లేదు వాడికి. చీకటి పడే ముందు ఒకటి వచ్చింది, దాని వెనక రెండోది వచ్చింది.

అప్పటి నుంచి రోజూ దీపాల వేళ అత్తమ్మ కింద నుంచి కేకేస్తుంది, "రెండూ వచ్చినయా?" అని. వచ్చాయవ్వా అని మావాడు చెప్పేదాకా ఆమె లోపలికి రాదు.